ఊపిరి అంచున బంగాళాఖాతం

ఆక్సిజన్ విలువ ఛత్తీస్‌గఢ్‌ దుర్గ్ జిల్లాలోని రిసాలికి వేరే చెప్పాలా! పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో, కరిగిన ఇనుములోని కర్బనాన్ని కాల్చి ఉక్కుగా మార్చేది అదే. 2021లో కరోనా రోగులకు ప్రాణవాయువు అందక దేశమంతా అల్లాడినప్పుడు ఇక్కడి నుంచి కూడా ద్రవ ఆక్సిజన్ ఆసుపత్రులకు తరలింది. అలాంటి ఊపిరాడని స్థితి సముద్ర జీవులకూ వస్తుంది. ఆక్సిజన్ ఇంకిపోయిన ఆ నీటి ప్రాంతాలను మృత మండలాలంటారు.

రిసాలికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి వాన నీరు చేరేది అక్కడికే. దుర్గ్‌ను ఒరుసుకుని పారే శివనాథ్ నది వెళ్లి మహానదిలో కలుస్తుంది. మహానది హీరాకుడ్ దాటి, కటక్ మీదుగా సాగి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతం చేరుతుంది.

తిండి ఎక్కువై, ఊపిరి తక్కువై

ఛత్తీస్‌గఢ్ వరి సీమ. వరికి నత్రజని కావాలి. భిలాయి కోక్ ఓవెన్లలో బొగ్గును గాలి తగలకుండా వేడి చేసినప్పుడు వచ్చే వాయువులో అమ్మోనియా ఉంటుంది. దానికి గంధకామ్లం తోడైతే అమ్మోనియం సల్ఫేట్ పలుకులవుతుంది. అదీ ఎరువే. దానికి యూరియా, డీఏపీ తోడు. పైరు తీసుకోగా మిగిలిన నత్రజని, భాస్వరం వానకు కొట్టుకుపోయి కాలువల్లో పడతాయి. దారిలో పట్టణాల మురుగూ వాటితో కలుస్తుంది.

ఆ పోషకాలు తీరం చేరితే కంటికి కనిపించనంత చిన్న వృక్ష ప్లవకాలు కోట్లకు కోట్లుగా పెరిగి నీళ్లను పచ్చగా మార్చేస్తాయి. వాటి ఆయువు కొద్ది రోజులే. చచ్చి అడుగుకు రాలిన వాటిని కుళ్లబెడుతూ బ్యాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తోడేస్తుంది. లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందంటే ఆపద వచ్చినట్టే. ఈదగలిగిన చేపలు తప్పించుకుంటాయి. నత్తలు, ఆల్చిప్పలు, బురద పురుగులు ఎక్కడికి పోగలవు? ఆక్సిజన్ పూర్తిగా అయిపోతే అడుగు బురద నల్లబడుతుంది. దాని మీద తెల్లటి నూలుపోగుల్లాంటి బ్యాక్టీరియా పరుచుకుంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు పుడుతుంది.

ఈ కష్టం చిన్న రూపంలో ఎలా ఉంటుందో భీమవరం, కైకలూరు చెరువుల రైతులకు తెలుసు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లవకాలే రాత్రంతా దాన్ని పీల్చుకుంటాయి. తెల్లవారుజాముకు చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి, గాలి తగిలే పైపొర నీళ్లను గుటకలు వేస్తుంటాయి. ‘డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అంటూ రైతులు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గరికి పరుగెడతారు. సముద్రానికి ఆ సాయం చేయగలిగే యంత్రం లేదు.

కాపాడుతున్న మంచినీరు

బంగాళాఖాతం లోపల మరో వింత ఉంది. సుమారు 100 మీటర్ల లోతు నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పొర సహజంగానే పరుచుకుని ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి పైన తేలికగా నిలిచిపోతుంది. అందువల్ల పైగాలి సులువుగా కిందికి దిగదు. అయితే ఆ మంచినీటి పొరే లోతుల్లోని పోషకాలనూ పైకి రానివ్వదు. ప్లవకాలు మితంగా పెరుగుతాయి, కుళ్లేదీ తక్కువే.

భారత జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు డెన్మార్క్, జర్మనీ పరిశోధకులతో కలిసి అతి సున్నితమైన పరికరాలతో ఆక్సిజన్ తక్కువగా ఉన్న పొరను కొలిచారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడ ఆక్సిజన్ పైనీటిలో ఉన్నదానికి సుమారు పదివేల రెట్లు తక్కువ. కానీ ఆ పిసరే కాపలా కాస్తోంది. అది కూడా లేకపోతే బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నత్రజని లవణాలను వాడుకుంటుంది. సముద్ర జీవుల ఆహారానికి మూలమైన నత్రజని వాయువుగా మారి నీటిని వదిలిపోతుంది. అరేబియా సముద్రంలో అది పెద్ద ఎత్తున జరుగుతూనే ఉంది. బంగాళాఖాతం మాత్రం ఆ గీతకు ఇవతల నిలిచి ఉంది.

ఆ గీత దాటించే బలాలు పెరుగుతున్నాయి. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 1960 తర్వాతి యాభై ఏళ్లలో ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో దాదాపు 2 శాతం పోగొట్టుకున్నాయి. 2008 నాటికే 400కు పైగా తీర ప్రాంతాల్లో మృత మండలాలు నమోదయ్యాయి. 2017 వేసవిలో మిసిసిపీ నది కలిసే మెక్సికో సింధుశాఖలో ఒక్కచోటే అది 22,720 చదరపు కిలోమీటర్లు పరుచుకుంది.

పోయిన ఊపిరి తిరిగి వస్తుందని నల్ల సముద్రం చూపింది. సోవియట్ యూనియన్ కూలాక, అందులో కలిసే డాన్యూబ్ నది పరీవాహకంలో ఎరువుల వాడకం ఒక్కసారిగా పడిపోయింది. 1990లలో నల్ల సముద్రపు వాయవ్య తీరంలోని మృత మండలం కుదించుకుపోయి, అడుగు జీవులు మళ్లీ కనిపించాయి. అక్కడ ఆర్థిక పతనం చేసిన పనిని మనం తెలిసి, ఇష్టపడి చేయవచ్చు. భూసార పరీక్ష చూసుకుని, పైరుకు కావలసినంత ఎరువే విడతలుగా వేయాలి. మురుగును శుద్ధి చేశాకే నదిలో వదలాలి. దుర్గ్ జిల్లా రైతు అక్కర్లేని యూరియా బస్తా ఒకటి మానుకుంటే అతని ఖర్చూ తగ్గుతుంది, పారాదీప్ తీరపు నత్తకూ మేలవుతుంది.