పొరుగువాడి ఓటమి మన గెలుపా?

2014 జులై 8న బెలో హొరిజాంటెలో జరిగిన ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో ఆతిథ్య బ్రెజిల్‌ను జర్మనీ 7-1 గోల్స్‌తో చిత్తుచేసింది. స్టేడియంలోనే జనం వెక్కివెక్కి ఏడ్చారు. అయిదు రోజులకు రియోలోని మారకానాలో ఫైనల్. పొరుగుదేశం అర్జెంటీనాపై 113వ నిమిషంలో మారియో గోట్జె గోల్ కొట్టాడు. జర్మనీ 1-0తో కప్పు గెలిచింది. బ్రెజిల్ అభిమానులెందరో కేరింతలు కొట్టారు. తమను ఏడిపించిన జట్టుకే జేజేలు పలికారు! చిరకాల ప్రత్యర్థి ఓడితే చాలనుకున్నారు. అయినా ఆ ఏడు గోల్స్‌లో ఒక్కటీ చెరిగిపోలేదు.

ఆటలో పోటీ తప్పు కాదు. కాని పక్కవాడు పడితే మనం లేచామనుకోవడం ఆత్మవంచన. శత్రువు పడినప్పుడు సంబరపడవద్దని సామెతల గ్రంథం (24:17) హెచ్చరిస్తోంది. యూదా కూలిన నాడు సంతోషించిన ఎదోమీయులు పరాయివారు కారు, యాకోబు అన్న ఏశావు సంతానమే. వారి సంబరాన్ని దేవుడు ఓబద్యా ప్రవక్త ద్వారా గద్దించాడు.

పొరుగు సంఘం చీలిందని వింటే మన పెదవులపై ‘అయ్యో’, లోలోపల చిన్న సంతోషం! దానివల్ల మన సంఘంలో ఒక్కరి జీవితమైనా బాగుపడిందా? పడినవారి పక్కన కూర్చుని వారితో ఏడ్వగలిగిన నాడే మనం క్రీస్తువారం.