రెండో రోజుతో మొదలయ్యే సినిమా

తెర మీద బొమ్మ రాకముందే ఒక దగ్గు వినిపిస్తుంది. తర్వాత ఎయిర్‌పోర్ట్ బార్‌లో కూర్చున్న ఒకావిడ, ఆమె ముందు వేరుశనగ గింజల గిన్నె, బిల్లు కట్టడానికి ఆమె ఇచ్చిన క్రెడిట్ కార్డు. తెర మీద "రెండో రోజు" అని పడుతుంది. మరి మొదటి రోజు ఏమైంది? అది తెలియాలంటే చివరి సీన్ దాకా ఆగాలి.

2011లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన 'కంటేజియన్' ఇలా మొదలవుతుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే ప్రపంచమంతా ఈ సినిమాని మళ్ళీ వెతుక్కుని చూసింది. "ముందే ఎలా చెప్పారు?" అని చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి ఇందులో జోస్యం ఏమీ లేదు, ఉన్నది లెక్క. కొలంబియా యూనివర్సిటీ వైరాలజిస్ట్ ఇయాన్ లిప్కిన్ ఈ సినిమాకి సలహాదారు. సినిమాలోని ఎమ్‌ఈవీ-1 అనే వైరస్ కల్పితమే కానీ, దానికి నమూనా నిపా అనే నిజమైన వైరస్.

ఆ లెక్క ఏంటో ఒక సీన్‌లో చెప్తారు. కేట్ విన్స్‌లెట్ డాక్టర్ ఎరిన్ మియర్స్ పాత్ర వేసింది. మినెసోటా ఆరోగ్య శాఖ ఆఫీసులో బోర్డు మీద ఆమె ఒక గుర్తు రాస్తుంది: ఆర్-నాట్. ఎవరికీ ఇమ్యూనిటీ లేని ఊళ్ళో, జబ్బు ఉన్న ఒక మనిషి సగటున ఎంతమందికి అంటిస్తాడో చెప్పే అంకె అది.

ఇది మన ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో పది నిమిషాల పని. ఆర్ విలువ 2 అనుకుంటే ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి, అలా పదో మెట్టులో 1,024 మందికి. అదే 3 అయితే పదో మెట్టులో 59,049 మందికి. 2కీ 3కీ మధ్య తేడా ఒకటే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ తేడా ఒక కాలేజీకీ ఒక పట్టణానికీ ఉన్నంత. ఇక 0.9 అయితే? వంద మందితో మొదలైనా పదో మెట్టుకి 35 మందే మిగులుతారు, తర్వాత దానంతట అదే ఆరిపోతుంది. అంటే అందరికీ రాకుండా ఆపాల్సిన పని లేదు. ఆ అంకెని 1 కిందకి తెస్తే చాలు.

ఎలా తేవాలి? ఆ అంకె మూడింటి లబ్ధం: రోజుకి ఎంతమందిని కలుస్తాం, కలిసినప్పుడు అంటుకునే అవకాశం ఎంత, ఎన్ని రోజులు అంటించగలం. లాక్‌డౌన్ మొదటిదాన్ని తగ్గిస్తుంది. మాస్కు, చేతులు కడగడం రెండోదాన్ని. జబ్బు ఉన్నవాళ్ళని త్వరగా కనిపెట్టి విడిగా ఉంచడం మూడోదాన్ని. 2020లో మనకి విసుగు పుట్టించిన రూల్స్ అన్నీ ఈ గుణకారంలోవే.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. ఇందులో అంటువ్యాధులు రెండు. ఒకటి వైరస్, ఇంకోటి మాట.

జూడ్ లా వేసిన బ్లాగర్ పాత్ర ఫోర్సీథియా అనే మొక్క మందుతో జబ్బు తగ్గిపోయిందని ప్రచారం చేస్తాడు. దాని కోసం జనం మందుల షాపు మీద పడతారు. వాడు విలన్ అని ఎవరికైనా తెలుస్తుంది. కానీ లారెన్స్ ఫిష్‌బర్న్ చేసిన డాక్టర్ చీవర్ విలన్ కాదు. అమెరికా సీడీసీలో పెద్ద ఆఫీసర్, మంచివాడు. చికాగో నగరాన్ని మూసేస్తారని ముందే తెలిసి, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి ఫోన్ చేస్తాడు: వెంటనే బయల్దేరు, ఎవరికీ చెప్పకు. ఆమె ఒక్క ఫ్రెండ్‌కి చెప్తుంది. అక్కడి నుంచి ఆ మాట ఊరంతా పాకుతుంది. అతను డబ్బు కోసం చెప్పలేదు, ప్రేమ కొద్దీ చెప్పాడు. మాటకి కూడా ఒక ఆర్ ఉంటుంది. దాన్ని పెంచేది ఎక్కువసార్లు ప్రేమే.

2020 ఏప్రిల్‌లో వాట్సాప్ చేసింది సరిగ్గా ఈ అంకెని తగ్గించడమే. అప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. మెసేజ్ నిజమా అబద్ధమా అని చూడలేదు, కలిసే మనుషుల సంఖ్యని తగ్గించింది. అంటే మెసేజ్‌కి లాక్‌డౌన్ అన్నమాట.

ఇది నాకెందుకు ఇంతగా పట్టిందో చెప్తాను. 2021 మే, రెండో వేవ్. నాకు పదిహేనేళ్ళు. అమ్మమ్మకి జ్వరం. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక కషాయం మెసేజ్ వచ్చింది. మూడు పూటలా తాగితే టెస్టు కూడా అక్కర్లేదని దాని సారాంశం. అమ్మమ్మ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. నేనే చదివి వినిపించాను. "ఇంగ్లీషు చదువులు చదివేవాడివి, నువ్వు చెప్తే చాలు నాన్నా" అంది. మూడు రోజులు కషాయమే తాగింది. నాలుగో రోజు ఆయాసం మొదలైతే మామయ్య హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చింది.

ఆ మెసేజ్ తయారుచేసింది ఎవరో నాకు తెలీదు. గ్రూప్‌లో పెట్టిన పిన్ని కూడా మంచి మనసుతోనే పెట్టింది. కానీ ఆ గొలుసులో అమ్మమ్మకి ముందున్న లింకు నేను.

సినిమా చివర్లో "మొదటి రోజు" వస్తుంది. ఒక బుల్‌డోజర్ చెట్టుని కూలుస్తుంది. అక్కడి నుంచి ఎగిరిన గబ్బిలం అరటిపండు ముక్కని పందుల కొట్టంలో జారవిడుస్తుంది. దాన్ని ఒక పంది పిల్ల తింటుంది. ఆ పంది మకావ్‌లోని ఒక వంటగదికి చేరుతుంది. వంటవాడు చెయ్యి కడుక్కోకుండా ఏప్రన్‌కి తుడుచుకుని బయటికొచ్చి, మొదట్లో మనం చూసిన ఆవిడతో చేతులు కలుపుతాడు. ఇదీ కల్పన మాత్రమే కాదు. 1998-99లో మలేషియాలో నిపా ఇంచుమించు ఇలాగే బయటపడింది. పందుల ఫారాల పక్కనే పండ్ల చెట్లు, వాటి మీద గబ్బిలాలు. 265 మందికి సోకితే 105 మంది పోయారు. 2018లో అదే వైరస్ కేరళలోని కోళిక్కోడ్‌లో కనిపించింది. కలిసినవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని దాన్ని ఆపగలిగారు. దాని మీద ఆషిక్ అబు 2019లో 'వైరస్' అనే మలయాళం సినిమా తీశాడు. 'కంటేజియన్' నచ్చితే అది కూడా చూడండి.

ఆ వంటవాడికి తను ఏం చేశాడో సినిమాలో ఎప్పటికీ తెలీదు. నాకు తెలుసు. అమ్మమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మా మనవడు చెప్పిన కషాయంతోనే బతికాను" అని చెప్తుంది, ఎలా కాచాలో కూడా వివరిస్తుంది. నేను పక్కనే కూర్చుని నవ్వి ఊరుకుంటున్నాను. నాలుగేళ్ళుగా ఇదే తంతు. ఈసారి సంక్రాంతి సెలవుల్లో ఆమెని కూర్చోబెట్టి, నేను చదివి వినిపించింది తప్పని చెప్పాలి.