తెరిచే ఉందని చూపించిన వాల్వు

1994 జూలై 24, ఆదివారం. బ్రిటన్‌లో వేల్స్ తీరాన, మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గరున్న టెక్సాకో రిఫైనరీ మీద పొద్దున్నే ఉరుములు, మెరుపులు. పిడుగుపాటుకు క్రూడ్ యూనిట్‌లో మంట లేచి ప్లాంటంతా అతలాకుతలమైంది. ఆ గందరగోళంలో డీబ్యూటనైజర్ అనే పాత్ర నుంచి ద్రవాన్ని బయటికి వదలాల్సిన కంట్రోల్ వాల్వు మూసుకుపోయింది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం అది తెరిచే ఉన్నట్టు కనిపించింది. లోపలికి వచ్చేది వస్తూనే ఉంది, పోయే దారి లేదు. పొంగిన ద్రవం, మిగులు వాయువులను కాల్చేసే ఫ్లేర్ వ్యవస్థలోకి ఎక్కింది. అక్కడి గొట్టం ఒక వంపు దగ్గర తెగి, దాదాపు 20 టన్నుల హైడ్రోకార్బన్లు బయటపడి పేలాయి. 26 మంది గాయపడ్డారు.

ఉన్నది ఒకటి, కనిపించేది ఇంకొకటి ఎలా అవుతుంది? రిఫైనరీలో కొలతలు ఎలా ప్రయాణిస్తాయో తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. ఎన్నో ప్లాంట్లలో కంట్రోలర్ నుంచి వాల్వుకు వెళ్లేది ఒక ఆజ్ఞ మాత్రమే. ‘60 శాతం తెరుచుకో’ అని పంపితే ఆపరేటర్‌కు తెర మీద కనిపించేది ఆ 60. వాల్వు నిజంగా కదిలిందా, తుప్పు పట్టి మొరాయించిందా అన్నది తెలియాలంటే దానికోసం విడిగా మరో తీగ వేయాలి. ప్రతి వాల్వుకూ ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఈ ఒంటిదారి సంభాషణ చాలా పాతది. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైన 1957 ప్రాంతంలో ప్రపంచమంతటా రిఫైనరీల కొలతలు ప్రధానంగా గాలి మీదే నడిచేవి. సన్నటి గొట్టంలో 3 పీఎస్ఐ పీడనం ఉంటే సున్నా శాతం, 15 ఉంటే నూరు శాతం. తరువాత గాలి స్థానంలో కరెంటు వచ్చింది. 4 మిల్లీ ఆంపియర్లు అంటే సున్నా, 20 అంటే నూరు. సున్నాకు సున్నా కరెంటే పెట్టకుండా 4 ఎందుకంటే, తీగ తెగితే కరెంటు నిజంగానే సున్నా అవుతుంది కాబట్టి. ట్యాంకు ఖాళీ కావడానికీ తీగ తెగడానికీ తేడా తెలిసిపోతుంది. నాకు నచ్చిన ఇంజనీరింగ్ ఉపాయాల్లో ఇదొకటి: పైసా ఖర్చు లేకుండా తన ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చెప్పే సంకేతం. అయితే అది చెప్పగలిగేది ఆ ఒక్క ముక్కే.

1980లలో, కొలిచి సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్ల లోపలికి మైక్రోప్రాసెసర్లు చేరాయి. తన సెన్సర్ దెబ్బతిన్నదా, తన లోపలి వేడి ఎంత, తనను ఏ పరిధికి అమర్చారు, అన్నీ ఆ పరికరానికి తెలుసు. తెలిసినదాన్ని చెప్పుకోవడానికి దానికి ఉన్నదల్లా ఆ ఒక్క కరెంటు విలువే. రోజ్‌మౌంట్ కంపెనీ రూపొందించిన హార్ట్ పద్ధతి, అదే తీగ మీద 1200, 2200 హెర్ట్జ్ స్వరాలను కలిపి, సెకనుకు 1200 బిట్ల వేగంతో ఈ సమాచారాన్ని పంపే వీలు కల్పించింది. నేటికీ ప్రపంచంలో విస్తారంగా వాడుకలో ఉన్నది అదే. కాకపోతే చాలా ప్లాంట్లలో ఆ స్వరాలను వినే ఏర్పాటు కంట్రోల్ రూమ్ వైపు ఉండదు. టెక్నీషియన్ చేతి పరికరం తగిలించినప్పుడే పలుకుతుంది.

ఫీల్డ్‌బస్ ఈ లెక్కనంతా తిరగేసింది. కరెంటు విలువను కొలత అనుకోవడం మానేసి, తీగ మీద పూర్తిగా అంకెలే పంపుదామన్నది. 1994లో ఏర్పడిన ఫీల్డ్‌బస్ ఫౌండేషన్ తెచ్చిన హెచ్1 పద్ధతిలో ఒకే జత తీగ మీద సిద్ధాంతరీత్యా 32 పరికరాలు కూర్చోవచ్చు. కరెంటు సరఫరా, సమాచారం రెండూ ఆ జతలోనే. ట్రంక్ అనే ప్రధాన తీగ, కొమ్మలతో కలిపి, 1,900 మీటర్ల వరకూ పోవచ్చు, దాని నుంచి ఒక్కో పరికరానికి స్పర్ అనే చిన్న కొమ్మ. వేగం సెకనుకు 31.25 కిలోబిట్లు. ఇంట్లో ఇంటర్నెట్‌కు అలవాటుపడినవారికి ఇది నవ్వు తెప్పించవచ్చు. కానీ పేలుడు వాయువులుండే చోట, కొద్దిపాటి విద్యుత్తుతో, కిలోమీటరుకు పైగా దూరం, నమ్మకంగా చేరాలంటే నెమ్మదితనమే బలం. అందరూ ఒకేసారి మాట్లాడకుండా ఒక పరికరం సభాధ్యక్షుడిలా వంతులు పంచుతుంది. ఎవరి విలువ ఏ మిల్లీ సెకనులో తీగ మీదకు రావాలో ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పిలుస్తుంది. అది పాడైతే ఆ పనికి మరొకటి సిద్ధంగా ఉంటుంది.

అసలు సంగతి అక్కడ ప్రయాణించే సరుకులో ఉంది. ప్రతి విలువతోపాటు దాని యోగ్యత కూడా వస్తుంది: మంచిది, అనుమానాస్పదం, చెడ్డది. పీడనం 12.4 బార్ అని చెబుతూనే ‘నన్ను నమ్మొద్దు, నా సెన్సర్ పాడైంది’ అని చెప్పగలదు. ఆ మాట వినగానే కంట్రోల్ లూప్ తనంతట తాను మాన్యువల్‌కు మారేలా అమర్చుకోవచ్చు. వాల్వును కదిలించే పొజిషనర్ అనే పరికరం ఆజ్ఞ అందుకుని, తాను నిజంగా ఎంత తెరుచుకున్నదో అదే తీగ మీద తిరిగి చెబుతుంది. మిల్‌ఫర్డ్ హేవెన్‌లో లోపించింది సరిగ్గా ఈ జవాబే. ఇంకో అడుగు ముందుకేస్తే, వాల్వు ఎంత తెరుచుకోవాలో తేల్చే పీఐడీ లెక్కనే పొజిషనర్‌లో పెట్టేయవచ్చు. అప్పుడు కంట్రోల్ రూమ్‌తో సంబంధం తెగినా ట్రాన్స్‌మిటర్, వాల్వు తమలో తాము మాట్లాడుకుంటూ లూప్‌ను నడిపిస్తాయి.

ఇంత ఉండి కూడా దీన్ని అమ్మింది మాత్రం తీగల పొదుపు పేరుతో. పాత పద్ధతిలో వేల పరికరాలకు వేల జతల తీగలు, జంక్షన్ బాక్సులు, గదుల కొద్దీ మార్షలింగ్ క్యాబినెట్లు. వాటిలో చాలా భాగం పోతుందని ప్రచారం. కొత్త ప్లాంటుకు అది నిజమే. ఆచరణలో మాత్రం ఒక సెగ్మెంట్ (ఒక జత తీగ) మీద 12 నుంచి 16 పరికరాలకు మించి పెట్టడానికి ఇంజనీర్లు జంకుతారు. ఒక తీగ తెగితే అన్నీ ఒకేసారి మూగబోతాయి మరి. ముఖ్యమైన వాల్వులన్నింటినీ ఒకే సెగ్మెంట్ మీద వేలాడదీయకూడదు. నిప్పురవ్వకు తావివ్వని చోట తీగలోకి పంపగలిగే విద్యుత్తుకే పరిమితి ఉంది కాబట్టి తొలినాళ్లలో పరికరాల సంఖ్య ఇంకా తగ్గిపోయేది. జర్మనీ కొలమానాల సంస్థ పీటీబీ పరిశోధనతో వచ్చిన ఫిస్కో పద్ధతి దాన్ని కొంత సడలించింది. ప్లాంటును అత్యవసరంగా ఆపే భద్రతా వ్యవస్థకు సాధారణంగా వేరే తీగలే వేస్తారు. ఇవన్నీ పోగా మిగిలిన పొదుపుతో ఇప్పటికే నడుస్తున్న రిఫైనరీని ఒప్పించడం కష్టం. తీగలు పాతికేళ్ల కిందటే వేశారు, డబ్బు ఎప్పుడో ఖర్చయింది. మార్చాలంటే ప్లాంటును మరమ్మతులకు ఆపే టర్న్‌అరౌండ్ దాకా ఆగాలి, ఆ కొద్ది వారాల్లో చేయాల్సిన పనుల జాబితా అసలే చాంతాడంత.

మనుషుల సంగతి అంతకన్నా కష్టం. 4-20 లూప్‌లో తేడా వస్తే టెక్నీషియన్ మల్టీమీటర్ పెట్టి 12 మిల్లీ ఆంపియర్లు చూస్తాడు, అంటే 50 శాతం, తెర మీద ఎంత ఉందో వాకీటాకీలో అడుగుతాడు, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఫీల్డ్‌బస్ మీద అదే మీటరు ఓల్టేజీ ఉందో లేదో చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. ట్రంక్ రెండు చివర్లా చెరొక టెర్మినేటర్ ఉండాలి. ఎవరో మూడోది తగిలించినా, షీల్డును రెండుచోట్ల ఎర్త్ చేసినా, జంక్షన్ బాక్సులో వాన నీరు చేరినా లోపం ఉండుండి మాత్రమే కనిపిస్తుంది. ఇలాంటి దాన్ని పట్టుకోవాలంటే కొత్త పరికరం, కొత్త శిక్షణ కావాలి. కొత్త టెక్నాలజీకి బడ్జెట్ ఇచ్చి, శిక్షణకు ఇవ్వకపోతే దోషం తీగ మీద పడుతుంది.

సమాచారం ఎక్కువైతే వచ్చే చిక్కు కూడా మిల్‌ఫర్డ్ హేవెన్‌లోనే ఉంది. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు విరుచుకుపడ్డాయి. ప్రతి ట్రాన్స్‌మిటరూ తన నొప్పులన్నీ ఏకరువు పెట్టడం మొదలెడితే పరిస్థితి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ప్రాసెస్ పరిశ్రమల సంఘం నామూర్ తన ఎన్ఈ 107 సిఫారసులో ఈ రొదను నాలుగు మాటలకు కుదించింది: పాడైంది, పరీక్షలో ఉంది, హద్దు దాటింది, మరమ్మతు కావాలి. వీటిలో ఏది ఆపరేటర్‌కు వెళ్లాలి, ఏది మెయింటెనెన్స్ వర్క్‌షాప్‌కు వెళ్లాలి అని ప్లాంటు కూర్చుని తేల్చుకోవాలి. ఆ కసరత్తు చేయనిచోట ఈ స్వీయ పరీక్ష సందేశాలను (డయాగ్నస్టిక్స్) ఆపేస్తారు. అప్పుడు ఖరీదైన ఫీల్డ్‌బస్ కాస్తా పాత తీగలాగే పనిచేస్తుంది.

అన్ని రోగాలకూ ఫీల్డ్‌బస్ మందు కాదు కూడా. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీలో, బీపీ రిఫైనరీలో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. అక్కడి టవర్‌లో ద్రవం 158 అడుగులకు ఎక్కితే లెవెల్ ట్రాన్స్‌మిటర్ 8 అడుగుల లోపే చూపించింది, పైగా మెల్లగా తగ్గుతున్నట్టు చూపించింది. ఆ పరికరం కొలవగలిగేది అడుగునున్న కొద్ది అడుగులే. దాన్ని కాలం చెల్లిన డేటా షీటులోని సాంద్రతకు అమర్చారు, వేడెక్కిన ద్రవం తేలికవుతున్న కొద్దీ లెక్క జారిపోయింది. పరికరం చెడిపోలేదు. అదే ఫీల్డ్‌బస్ మీద ఉన్నా ‘మంచిది’ అన్న ముద్ర వేసి మరీ అదే తప్పు విలువను పంపేది.

ఇక ప్రమాణాల గొడవ. అందరికీ ఒకే ఫీల్డ్‌బస్ కావాలని 1980ల మధ్యలో అంతర్జాతీయ కమిటీలు కూర్చున్నాయి. 2000 నాటికి తేలిన ఐఈసీ 61158 ప్రమాణంలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ఎనిమిది రకాలున్నాయి. ప్రతి కంపెనీ తన సరుకునే ప్రమాణంగా నెగ్గించుకుంది. కొనేవాడు వేచి చూశాడు. ఆ వేచిచూపులో హార్ట్ నిలదొక్కుకుంది. 2015 నాటికి ఫీల్డ్‌బస్ ఫౌండేషన్, హార్ట్ సంస్థ ఒకే గొడుగు కిందికి వచ్చి ఫీల్డ్‌కామ్ గ్రూప్ అయ్యాయి.

2021లో ఈథర్నెట్-ఏపీఎల్ అనే కొత్త పద్ధతి బయటికొచ్చింది. మళ్లీ ఒకే జత తీగ, మళ్లీ కరెంటూ సమాచారమూ కలిసే. వేగం మాత్రం సెకనుకు 10 మెగాబిట్లు, హెచ్1 కంటే 320 రెట్లు. పేలుడు ప్రమాదమున్న చోట్లకూ పనికొస్తుంది. కొత్త యూనిట్ కడుతున్నవారు ఇప్పుడు దీన్ని పరిశీలించకుండా హెచ్1 వైపు వెళ్లడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఒకప్పుడు ధైర్యం చేసి హెచ్1 వేసుకున్నవారికి అనుకోని లాభం ఒకటుంది. ఏపీఎల్ ఆధారపడేది ఫీల్డ్‌బస్ టైప్-ఏ కేబుల్ మీదే కాబట్టి, నేలలో ఉన్న తీగ బాగుంటే తవ్వి తీయక్కర్లేదు. ఏపీఎల్ ట్రంక్ హద్దు 1,000 మీటర్లు, అంతకంటే పొడుగున్నచోట మధ్యలో ఒక స్విచ్ పెట్టుకోవాలి.