బొమ్మరైలు చుట్టూ ఒక పల్లెసీమ

1925లో ఒక యువకుడు ఆస్ట్రేలియా నుండి ఇంగ్లండు చేరినాడు. అతని పేరు రాయ్ ఇంగ్లండ్. పేరులోనే ఆ దేశమున్నది గాని, వచ్చినది మాత్రం సముద్రాల ఆవలి నుండి. లండను నుండి పడమటికి సాగే గ్రేట్ వెస్టరన్ రైల్వే అంటే అతనికి పంచప్రాణాలు. ఆ రైలుమార్గమే అతనిని వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయకు చేర్చినది.

తెల్లగుర్రపు లోయ అని ఆ పేరుకు అర్థం. ఉఫింగ్టన్ గ్రామం దగ్గరి కొండమీద పచ్చికను చెక్కి, కందకాలు త్రవ్వి, వాటిని తెల్లని సుద్దతో నింపి, సుమారు మూడువేల యేండ్ల క్రితం ఎవరో ఒక గుర్రపు బొమ్మను దిద్దినారు. దాని పొడవు 110 మీటర్లు. ఆ కొండల పాదాన పొలాలు, పొలాల నడుమ గడ్డికప్పుల ఇండ్లు, ఇండ్ల ముందు పూలమడులు. రైలు చూడవచ్చిన యువకుడు ఇండ్లు చూస్తూ నిలిచిపోయినాడు. చూస్తున్న కొలదీ అతనికి దిగులు పట్టుకొన్నది. తరతరాలుగా నిలిచిన గడ్డికప్పులు ఒక్కొక్కటే ఊడిపోతున్నవి. వాటి స్థానే కొత్త రకపు కప్పులు వస్తున్నవి. పాత కుటీరాలు కొన్ని నేలమట్టమవుతున్నవి. ఇల్లు మార్చుకొనేవాడిని తప్పుపట్టే హక్కు ఎవరికున్నది? కారే కప్పు క్రింద కాపురముండేవాడికి చూపరి మురిపెంతో పనిలేదు. రాయ్ ఇంగ్లండ్ ఎవరినీ వారించలేదు. కొలతలు తీసినాడు, ఛాయాచిత్రాలు తీసినాడు, గోడలోని రాళ్ల వరుసలను, ఇటుకల రంగులను వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ లోయను, ఆ రైలును, 1920–30ల నాటి రూపంలో, చిన్న పరిమాణంలో మళ్లీ కట్టవలెనని సంకల్పించినాడు.

ఆ సంకల్పానికి ఇల్లు దొరికినది 1954లో. ఆక్స్‌ఫర్డ్ సమీపాన లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెలో ఏర్పడిన ఆ సంగ్రహాలయం పేరు పెండన్. 1995లో ఆయన మరణించేవరకూ, ఆ తరువాత కూడ, స్వచ్ఛందంగా వచ్చి పనిచేసేవారి చేతులమీదుగానే అది పెరిగినది.

అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున, అనగా అసలులో 76వ వంతుగా, ఆ లోకాన్ని నిర్మించినారు. ఈ లెక్క చెప్పడం తేలిక. దాని వెంట పోయి చూస్తేనే కష్టం తెలుస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుక మూడు మిల్లీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు ఎత్తు అవుతుంది. గోడలోని ప్రతి ఇటుకా గీత గీసి, నీటిరంగులతో విడివిడిగా దిద్దవలసినదే. పక్కపక్క ఇటుకలు రెండూ ఒకే ఛాయలో ఉంటే కన్ను వెంటనే పసిగడుతుంది. బట్టీలో కాలిన ఇటుకలు ఏనాడూ ఒక్క రంగున ఉండవు గదా! ఇండ్ల గోడలకు చిత్రకారులు వాడే దళసరి అట్టను, పైకప్పు గడ్డికి కుళాయి పనివాళ్లు గొట్టాల మరలకు చుట్టే నారను వాడినారు. ఆ నారను చిన్న చిన్న కట్టలుగా కోసి, నిజపు కప్పు నేసినట్లే చూరు నుండి వెన్నుగాడి దాకా వరుసమీద వరుసగా అతికించవలె. ఒక్కొక్క ఇంటికి వందల గంటలు పట్టినదంటే ఆశ్చర్యం లేదు.

ఇల్లు లెక్కకు లొంగుతుంది. నేల అంత సులభంగా లొంగదు. అదే లెక్కన ఒక మైలు దూరం 69 అడుగుల పైమాట. మూడు మైళ్ల ఎడంగల రెండు స్టేషన్లను ఉన్నవి ఉన్నట్లుగా అమర్చబోతే 200 అడుగులకు మించిన శాల కావలె. 500 అడుగుల కొండ ఆరున్నర అడుగుల ఎత్తున నిలుస్తుంది. తెల్లగుర్రం ఒక్కటే దాదాపు మీటరున్నర పరుచుకొంటుంది. అందుచేత ఈ కళ అభ్యసించేవారు మొదట నేర్వవలసినది వదలుకోవడం. పది పొలాలకు రెండు, ఇరవై ఇండ్లకు ఆరు. ఏది ఉంటే ఆ ఊరు ఆ ఊరనిపిస్తుందో దానిని ఉంచి, తక్కినది మరుగుపరచవలె. పెండన్‌లోని పల్లె కూడ ఏ ఒక్క ఊరికీ నకలు కాదు. ఇల్లు ఒక ఊరిది, సావడి మరొక ఊరిది. కల్పిత గ్రామమే గాని, అందులోని ఇండ్లు లోయలో నిజంగా నిలిచినవి. నవలాకారుడు చేసే పనికి ఇది దగ్గర చుట్టము.

మన ఇండ్లలో బొమ్మల కొలువు పెట్టే పిల్లలు మట్టితో కొండ చేసి, ఆవాలు చల్లి, మొలకలను పైరని మురుస్తారు. కొలువుకు అది ముచ్చటే. కొలతకు నిలబడదు. ఆవమొలక ఆకు అర సెంటీమీటరున్నా, 76 రెట్లు పెంచి చూస్తే దాదాపు చేటంత! ప్రకృతి తనను చిన్నదిగా చూపించుకోవడానికి ఒప్పుకోదు. అన్నిటికన్న మొండిది నీరు. బొమ్మ వాగులో నిజమైన నీళ్లు పోస్తే అవి వాగు వలె కనిపించవు. పళ్లెంలో పోసిన నీళ్లవలెనే కనిపిస్తవి. బొట్టు పరిమాణాన్ని, గట్టు నంటుకొని నిలిచే తీరును ఎవడూ 76వ వంతుకు తగ్గించలేడు. కనుక నీటిని నీటితో చేయరు. వాగు అడుగును ముందుగా రంగులతో దిద్దుతారు: గట్టు దగ్గర మట్టి రంగు, నడుమకు పోయిన కొలదీ చిక్కని ముదురు ఆకుపచ్చ. దానిమీద వార్నిషునో, పారదర్శకమైన రెజిన్‌నో పలుచని పొరలుగా, ఒకటి ఆరిన తరువాత ఒకటిగా పోస్తారు. లోతు కనిపించేది రంగు వలన. తడి కనిపించేది మెరుపు వలన.

కొండ కట్టే విధానం ఇంతకన్న మోటు. కొయ్య చట్రాలమీద తీగజాలినో, అడ్డదిడ్డంగా అల్లిన అట్టముక్కలనో పరచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన కాగితాలను పైన కప్పుతారు. ఆరితే గుల్లగా, గట్టిగా నిలుస్తుంది. పూర్వం పచ్చికకు రంగువేసిన రంపపు పొట్టును జిగురుమీద చల్లేవారు. ఇప్పుడు నైలాను పోచలను విద్యుచ్ఛక్తి సాయంతో జిగురుమీద నిటారుగా నిలబెడుతున్నారు. సాధనం మారినది, చూపు మారకూడదు. పచ్చికంతా ఒకే పచ్చన అనుకొన్నవాడి కొండ బిలియర్డు బల్లవలె ఉంటుంది. పశువులు నడిచిన బాట, కంచె క్రింద కొడవలికి అందక పెరిగిన గడ్డి, చెట్టునీడన పలచబడిన నేల — వీటిని పొలాన చూసి వచ్చినవాడికే బల్లమీద పెట్టడం చేతనవుతుంది. రంగుల డబ్బీమీద పేరు చదివి వేసేవాడికి అది రాదు.

రంగు విషయంలో మరొక చిక్కున్నది. ఆరుబయట సూర్యుని వెలుతురులో చూసిన రంగును గదిలోని దీపం క్రింద యథాతథంగా వేస్తే బొమ్మ నల్లబారుతుంది. అందుచేత ప్రతి రంగునూ కొంత తేల్చి వేయవలె. దూరపు వస్తువులకు మనకూ నడుమ గాలి ఉన్నది. ఆ గాలి వల్ల దూరపు కొండ నీలిగా, పలుచగా కనబడుతుంది. బల్లమీద ఆ కొండ మూడడుగుల దూరాననే ఉన్నది గనుక, మధ్యనున్న మైళ్ల కొలది గాలిని కుంచెతో వేయవలసివస్తుంది. ముందు చెట్లు పెద్దవి, వెనుకవి చిన్నవి. ముందు పచ్చ చిక్కన, వెనుక పచ్చ బూడిద కలిసినది. చివర ఆకాశపు తెరకు మూల కనబడరాదు. మూల కనబడినదా, లోయ మాయమై గది మిగులుతుంది.

చెట్ల మాట వచ్చినప్పుడు ఒక విషాదాన్ని తలచుకోక తప్పదు. 1920ల నాటి ఆ సీమలో ఎల్మ్ వృక్షాలు పొలాల గట్లన్నిటా ఆకాశమంత ఎత్తున నిలిచి ఉండేవి. 1960ల చివర మొదలై 1970లలో విజృంభించిన తెగులు ఆ దేశంలో ఎల్మ్‌లను కోట్ల సంఖ్యలో పొట్టనబెట్టుకొన్నది. సన్నని తీగలను మెలిపెట్టి కాండము, కొమ్మలు దిద్ది, ఆకు జల్లి ఎల్మ్ చేయబూనిన నేటి యువకుడు అటువంటి వనాన్ని కంట చూసి ఉండడు. పాత ఛాయాచిత్రాలే అతనికి గురువులు. గడ్డికప్పు పోతుందని భయపడి మొదలుపెట్టిన పని, ఎవరూ భయపడని చెట్టును కూడ దాచవలసివచ్చినది.

ఈ మార్గంలో రాయ్ ఇంగ్లండ్ ఒంటరి కాడు. జాన్ ఆహెర్న్ అనే ఆంగ్లేయుడు 1930ల నాడే మాడర్ వ్యాలీ అనే కల్పిత లోయకు రైలు వేసి, రైలుతో పాటు ఊరికీ రేవుకూ సమాన గౌరవమిచ్చినాడు. అంతవరకు చాలమందికి బొమ్మరైలంటే ఇంజనూ పట్టాలే, తక్కినది బల్ల.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మాంటరేలో, జాన్ ఆలెన్ అనే ఛాయాగ్రాహకుడు వేరొక త్రోవ త్రొక్కినాడు. అతనిది పోతున్న ఊరి చరిత్ర కాదు, ఊహలోని పర్వతసీమ. ఇంటి క్రింది గదిలో నేలనుండి పైకప్పు దాకా కొండలు లేపినాడు. అద్దాలను నేర్పుగా అమర్చి, గదికి లేని వైశాల్యాన్ని తెప్పించినాడు. ఇంజన్లకు తుప్పు, పెట్టెలకు మసి, ఇండ్లకు వెలిసిన రంగు పూసి, వాడకంలో అరిగిన లోకాన్ని చూపినాడు. తన రైల్వేకు గోరీ అండ్ డిఫీటెడ్ అని పలికేటట్లుగా పేరు పెట్టుకొన్నాడు. నెత్తురోడి ఓడినది అని అర్థం. వ్రాతలో మాత్రం రెండు పెద్దమనుషుల ఇంటిపేర్ల వలె కనిపిస్తుంది. శ్లేషప్రియులమైన మనకు ఆ చమత్కారం విడమరచి చెప్పనక్కరలేదు. వాస్తవికతలో పెండన్‌ది పైచేయి. నాటకీయతలో ఆలెన్‌కు సాటి వచ్చినవారు అరుదు.

1973 జనవరిలో ఆలెన్ మరణించినాడు. ఆ తరువాత పట్టుమని పక్షం దినాలైనా గడవకముందే ఆ ఇంట నిప్పంటుకొని, దాదాపు ఇరవై యేండ్లు కట్టిన ఆ పర్వతాలు బూడిదైనవి. అతడు తీసిన ఛాయాచిత్రాలు మిగిలినవి. వాటిని చూసి నేర్చుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆహెర్న్ 1961లో పోయినాడు. అతని మాడర్ వ్యాలీని పెండన్ వారు తెచ్చి, తమ లోయ ఉన్న కప్పు క్రిందనే చోటిచ్చి కాపాడుతున్నారు.