రెండో గ్లాసు ధర

రెండు గ్లాసుల పద్ధతి ఎలా నడిచిందో మన పల్లెల్లో పెద్దవాళ్లను ఎవర్నడిగినా చెబుతారు. కొట్టు లోపల కడిగి వరసగా పేర్చిన గ్లాసులు ఊరివాళ్లవి. మాల, మాదిగ పేటల నుంచి వచ్చేవాళ్ల గ్లాసు బయట, చూరులోనో గోడకు కొట్టిన మేకుకో ఉండేది. దాన్ని వాళ్లే తీసుకోవాలి. పైనుంచి టీ పోస్తే పట్టుకోవాలి. తాగాక కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. బెంచీ ఖాళీగా ఉన్నా నేల మీదే గొంతుక్కూర్చోవాలి. ఇచ్చిన డబ్బు మాత్రం అందరి డబ్బుతో పాటు ఒకే గల్లాపెట్టెలో పడేది.

దుకాణాలు, హోటళ్లలోకి కులం పేరుతో ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం 1955 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టమే తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. అయినా 1998లో పుట్టిన కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఈ గ్లాసుల మీద పోరాడాల్సి వచ్చింది. కార్యకర్తలు దళితులతో కలిసి కొట్లలోకి వెళ్లి, బెంచీల మీద కూర్చుని, అందరి గ్లాసుల్లోనే టీ పొయ్యమని అడిగారు. అప్పటికి ఆ చట్టానికి నాలుగు దశాబ్దాలు నిండాయి.

ఇలాంటి పోరాటమొకటి అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో వూల్‌వర్త్ దుకాణంలో మొదలైంది. నలుగురు నల్లజాతి విద్యార్థులు ముందు చిల్లర సామాన్లు కొని, తర్వాత అక్కడే ఉన్న భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. సరుకు అమ్మి డబ్బు తీసుకున్న దుకాణం కూర్చోబెట్టి కాఫీ మాత్రం ఇవ్వనంది. వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. జులై 25కి ఆ బల్ల అందరిదీ అయింది. అదే ఏడాది నాష్‌విల్ నగరంలోనూ విద్యార్థులు ఇలాగే కూర్చుంటుంటే, నల్లజాతి కుటుంబాలు ఈస్టర్ బట్టలు కొనడం మానేశాయి. గిరాకీ పడిపోయిన వ్యాపారులు మే 10న దిగొచ్చారు. ఆ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మన నాగపూర్‌లో, హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ సత్యాగ్రహాన్ని అధ్యయనం చేసినవాడు.

సత్యాగ్రహం ఇక్కడినుంచి వెళ్లిందని మనం గర్వపడతాం. కానీ ఆ విద్యార్థులు గెలిచిన పద్ధతిలో మన కూలీలు ఎందుకు గెలవలేకపోయారన్నది నాకు ముఖ్యం. నాష్‌విల్‌లో కొనడం మానేస్తే దుకాణదారు నష్టపోయాడు. మన ఊళ్లో దళితుడు టీ తాగడం మానేస్తే కొట్టుకు పోయేది కొద్దిపాటి చిల్లర. అదే అతను బెంచీ మీద కూర్చుంటే మర్నాడు పొలం పనికి పిలుపు రాదు. కొట్టు ఒకరిదైనా కూలి ఇచ్చే చెయ్యి ఇంకొకరిది. బహిష్కరణ అనే ఆయుధం ఇక్కడ భూమి ఉన్నవాడి దగ్గరుంది.

అంబేడ్కర్ సభ్యుడిగా ఉన్న స్టార్టే కమిటీ 1930లో బొంబాయి ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఈ సంగతే చెప్పింది. హక్కు అడిగినవాళ్లకు పనులు ఆపేస్తారు, దారులు మూసేస్తారు, కోమటి సరుకు అమ్మడు. ఈ వెలిని శిక్షించదగిన నేరం చెయ్యాలని అంబేడ్కర్ ఏళ్ల తరబడి పట్టుబట్టాడు.

చుండూరులో ఏం జరిగిందో చూడండి. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పైకులం యువకుడికి తగిలిందన్న తగాదా. టిక్కెట్టు కొని కూర్చున్న చోట పుట్టిన తగాదా అది. ఆ తర్వాత దళితులను పొలాల్లోకి రానివ్వలేదు, కూలికి పిలవలేదు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. వెలి వేసిన ఆ వారాల్లోనే ప్రభుత్వం గట్టిగా కదిలి ఉంటే ఆ ఎనిమిది మంది బతికేవాళ్లన్నది నా నమ్మకం.

అందుకే మనవాళ్లలో చాలామందికి ఊరు వదలడమే మార్గమైంది. 1985లో తమ మీద దాడి జరిగాక కారంచేడు దళితులు ఊరు విడిచి చీరాల చేరారు. బతుకుతెరువు వెతుక్కుంటూ కొందరు తెలుగువాళ్లు సముద్రం దాటి అండమాన్‌లో మాయాబందర్ దాకా వెళ్లారు. అక్కడ షెడ్యూల్డ్ కులాల జాబితానే లేదు. వెళ్లినవాళ్లకు రిజర్వేషన్ పోతుంది, అది చిన్న నష్టం కాదు. కానీ ఊరి ఆసామి చెయ్యి అంత దూరం చాచలేడు.

ఊళ్లో ఉండిపోయినవాళ్లకు ఇప్పుడు చేతిలో ఉన్నది 2015 సవరణ. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం చేసింది. వాడి పారేసే కప్పులొచ్చాక గ్లాసుల తేడా కంటికి ఆనడం లేదు. బెంచీ తేడా, కూలి బెదిరింపు అలా మాయం కావు. ప్రతినెలా 30న రెవెన్యూ, పోలీసు అధికారులు పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు. దాన్ని టీ కొట్టు ముందే జరపాలి. పేటవాళ్లతో కలిసి ఆ బెంచీల మీదే కూర్చోవాలి. నాట్లప్పుడు, కోతలప్పుడు వారం తిరక్కుండా మళ్లీ వెళ్లి, ఆ రోజు బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఎవరికి పని ఆగిందో పేటలో ఇల్లిల్లూ అడిగి, ఆగిన చోట కేసు కట్టాలి.