వేరే గ్రహం మీద ప్రాణముంటే మన దేవుడికి చోటు తగ్గుతుందా?

కొనకనమిట్ల చుట్టుపక్కల ఊళ్లలో గృహప్రవేశమైనా, సత్యనారాయణ వ్రతమైనా పంతులుగారు ముందు సంకల్పం చెప్పిస్తారు. ఇంటివాళ్ల గోత్రం, పేరు రాకముందే అందులో పెద్ద చిరునామా ఒకటి వస్తుంది. బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం అంటూ కాలం చెబుతారు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణం అంటూ చోటు చెబుతారు. ఆ తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చుని పూజ చేస్తున్నామో చెబుతారు. కొనకనమిట్లకు ఆ దిక్కు ఆగ్నేయం. ఇన్ని ఆనవాళ్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటే, మనమున్న చోటు ఎన్నో చోట్లలో ఒకటన్న ఎరుక ఆ పూజావిధిలోనే ఉంది.

భూమికి ఆవల ప్రాణముందని రేపు తేలితే మతాలు నిలబడతాయా అన్న చర్చ ప్రపంచమంతటా జరుగుతోంది. అందులో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇతర లోకాల్లో ప్రాణులుండటాన్ని మతం ఒప్పుకుంటుందా అన్నది మొదటిది. ఒప్పుకున్నాక ఆ ప్రాణుల్ని తన లెక్కలో ఎక్కడ చేర్చుకుంటుంది అన్నది రెండోది. మొదటిది తేలికైన ప్రశ్న. రెండోదే అసలు పరీక్ష. ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూడటానికి పశ్చిమ ప్రకాశం నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఇప్పటిదాకా దొరికిందేమిటి?

సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం తిరుగుతోందని 1995లో జెనీవా శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కెలో చెప్పారు. 2025 నాటికి అలాంటి గ్రహాల సంఖ్య 6,000 దాటింది. వాటిలో ఒక్కదాని మీదైనా ప్రాణముందని ఇంతవరకు రుజువు కాలేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కే2-18బి అనే గ్రహం వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కనిపించిందని 2025 ఏప్రిల్‌లో నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని కేంబ్రిడ్జి బృందం ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా తయారుచేసేది సముద్రంలోని సూక్ష్మజీవులే. ఆ లెక్కలు సరిపోవని వెంటనే ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. వాదం ఇంకా నడుస్తోంది.

మన దగ్గర జరిగిన ప్రయత్నం ఇంతకంటే పాతది. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి 2001లో ఒకసారి, 2005లో మరోసారి ఇస్రో సాయంతో పెద్ద బెలూన్లు ఎగిరాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ ఆ ప్రయోగాలకు పెద్ద దిక్కు. పైనుంచి భూమికి సూక్ష్మజీవులు రాలుతున్నాయా అన్నది ఆయన ప్రశ్న. 2005 బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకుపోయింది. వాటిలో ముందే గాలి తీసేసి, క్రిమిరహితం చేసిన 16 స్టీలు గొట్టాలున్నాయి. అవి దారి పొడవునా ద్రవరూప నియాన్‌లో మునిగే ఉన్నాయి. ఆ చలికి బయటి గాలి లోపలికి వచ్చి గడ్డకడుతుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు మధ్య ఒక్కో ఎత్తులో ఒక్కో గొట్టం తెరిచి, మూసి, కిందికి దించారు.

ఆ గాలిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణేలోని ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో విడివిడిగా పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరికీ తెలియని జాతులు. వాటిలో ఒకదానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. 2009 మార్చిలో ఫలితం ప్రకటిస్తూ ఇస్రో ఒక మాట స్పష్టంగా చెప్పింది: ఇవి భూమి బయటినుంచి వచ్చాయని దీంతో రుజువు కాలేదు, వెతుకులాట కొనసాగించడానికి ఇది ఉత్సాహం మాత్రమే ఇస్తుంది. దొరికినంతే చెప్పి, దొరకనిదాన్ని కలపకుండా ఆగటం ఎలాగో ఆ ప్రకటనలో ఉంది. ఈ విషయం మాట్లాడే శాస్త్రజ్ఞులకూ భక్తులకూ అదే పద్ధతి కావాలి.

త్రిపురాంతకం చెప్పే కథ

పశ్చిమ ప్రకాశంలో ఆకాశంలో తిరిగే ఊళ్ల కథ మీద వెలసిన క్షేత్రమే ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరుపొందిన త్రిపురాంతకం అది. తారకాసురుడి ముగ్గురు కొడుకులు తపస్సు చేసి బంగారం, వెండి, ఇనుముతో మూడు సంచరించే పట్టణాలు సంపాదించారు. మూడూ ఒకే వరుసలోకి వచ్చిన క్షణంలో ఒకే బాణంతో శివుడు వాటిని దహించాడు.

ఈ కథ చూపించి, గ్రహాంతరవాసులు, అంతరిక్షనౌకలు మన పురాణాల్లో ముందే ఉన్నాయని చెప్పేవాళ్లున్నారు. అలా చెబితే పురాణానికి గౌరవం పెరగదు, కథలో ఉన్న అసలు విషయం మరుగున పడుతుంది. ఆ మూడు పట్టణాలవాళ్లు వేరే జీవపరిణామం నుంచి వచ్చిన కొత్త ప్రాణులు కారు. వాళ్లు తపస్సు చేశారు, వరం పొందారు, ధర్మం తప్పారు, ఫలం అనుభవించారు. అంటే ఎక్కడున్నా, ఏ శరీరంలో ఉన్నా కర్మ నియమం ఒక్కటే అన్నది ఆ కథ పట్టుకున్న సూత్రం. జీవుడు ఎన్ని రకాల శరీరాలనైనా ధరిస్తాడని నమ్మేవారికి ఇంకో గ్రహం మీది ప్రాణి మరో శరీరం, అంతే. తిరుమల వెంకన్నను అనంతకోటి బ్రహ్మాండ నాయకుడని పిలిచే భక్తుడికి బ్రహ్మాండాల లెక్క పెరిగితే కంగారు పడాల్సింది లేదు.

హిందూ సంప్రదాయానికి చిక్కు ఇంకో చోట ఉంది. కర్మభూమి భరతవర్షం ఒక్కటేనని, తక్కినవి భోగభూములని విష్ణుపురాణం చెబుతుంది. దేవతలు కూడా ఇక్కడ పుట్టాలని కోరుకుంటారట. మరి ఇంకో గ్రహం మీద ఆలోచించి, మంచిచెడ్డలు ఎంచుకునే ప్రాణులుంటే వాళ్లు చేసేది కర్మ కాదా? వాళ్లకు మోక్షానికి దారి లేదా?

ఈ ప్రశ్నకు సగం జవాబు మనవాళ్లు విమానమెక్కి పోయినప్పుడే దొరికింది. అమెరికాలో గుళ్లు కట్టుకున్న తెలుగువాళ్లు అక్కడ సంకల్పం ఎలా చెప్పాలన్న సమస్య ఎదుర్కొన్నారు. భరతఖండంలో ఉన్నామని చెబితే అబద్ధమవుతుంది. అందుకని అక్కడి అర్చకులు చాలామంది క్రౌంచద్వీపం అని చెప్పించడం మొదలుపెట్టారు. గ్రంథంలో కర్మభూమికి గీసిన హద్దు ఎవరూ వాదించకుండానే, పూజ ఆగకుండానే పక్కకు జరిగింది. సిద్ధాంతం మారకముందే ఆచారం సర్దుకోవడం మతాల చరిత్రలో తరచూ జరిగేదే.

చందవరం మౌనం, కంభం నమాజు

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, దొనకొండ మండలంలోని చందవరం దగ్గరగా పారుతుంది. అక్కడ కొండ మీద శాతవాహనుల కాలం నాటి మహాస్తూపం 1964లో వెలుగుచూసింది. లోకాల విషయంలో బౌద్ధులది అన్నిటికంటే విశాలమైన ఊహ. లోకధాతువులు వేల కోట్లున్నాయని, ఒక్కో బుద్ధక్షేత్రంలో ఒక్కో బుద్ధుడు బోధిస్తాడని మహాయానులు చెప్పారు. ఇంకో గ్రహానికి ఇంకో బుద్ధుడు వాళ్లకు కొత్త మాట కాదు. అయినా లోకం అంతమున్నదా, అనంతమా అని మాలుంక్యపుత్రుడనే భిక్షువు అడిగినప్పుడు బుద్ధుడు జవాబు చెప్పలేదు. విషపు బాణం దిగినవాడు దాన్ని వేసినవాడి ఊరూ పేరూ తెలిసేదాకా తీయనివ్వనంటే ఏమవుతుందో చెప్పాడు. దుఃఖం ఉన్నచోట దాన్ని తీయడమే పని. ఆ దుఃఖం ఏ గ్రహం మీదిదైనా సరే.

కంభం, మార్కాపురం మసీదుల్లో ప్రతి నమాజులోనూ చదివే ఫాతిహా దేవుణ్ని సకల లోకాలకు ప్రభువని పిలుస్తుంది. లోకాలు అన్నది బహువచనం. ఖురాన్‌లో షూరా అధ్యాయం 29వ వాక్యం ఆకాశాల్లోనూ భూమి మీదా జీవుల్ని విస్తరింపజేయడం దేవుడి సూచనల్లో ఒకటంటుంది. కాబట్టి నమ్మకానికి అడ్డు లేదు. అడ్డు వస్తే ఆచారంలో రావాలి: భూమి వదిలిపోయినవాడు కిబ్లా (కాబా ఉన్న దిక్కు) వైపు తిరిగేదెలా? 2007 అక్టోబరులో మలేషియా వ్యోమగామి షేక్ ముజఫర్ షుకూర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే ముందే అక్కడి మతపెద్దలు దీనికి మార్గం చెప్పారు. వీలైతే కాబా వైపు, కాకుంటే కాబాకు సూటిగా పైనున్న దిక్కుకు, అదీ కాకుంటే భూమి వైపు, అదీ కుదరకపోతే ఎటైనా. మనిషికి సాధ్యమైనంతే దేవుడు అడుగుతాడన్న సూత్రం మీద ఆ నాలుగు మెట్లు నిలబడ్డాయి.

అందరికంటే కష్టమైన ప్రశ్న క్రైస్తవులది

దేవుడు ఒక్కసారి, ఒక్క చోట, మనిషిగా పుట్టి అందరికోసం ప్రాణమిచ్చాడన్నది క్రైస్తవ విశ్వాసానికి ప్రాణం. మరి ఆ అందరిలో ఇతర గ్రహాలవాళ్లు ఉన్నారా? 1794లో రచయిత థామస్ పెయిన్ ఈ ప్రశ్ననే ఆయుధంగా పట్టుకున్నాడు. లోకాలు లెక్కలేనన్ని ఉంటే దేవుడి కుమారుడు లోకం తర్వాత లోకం తిరుగుతూ చనిపోతూనే ఉండాలి కదా, అందుకే రెండు నమ్మకాలూ ఒక బుర్రలో ఇమడవు అని వాదించాడు. గ్లాస్గోలో మతబోధకుడు థామస్ చామర్స్ 1817లో పుస్తకంగా వచ్చిన తన ప్రసంగాల్లో దీనికి బదులిచ్చాడు. దూరదర్శిని లోకాల సంఖ్యను పెంచిన కాలంలోనే సూక్ష్మదర్శిని నీటిబొట్టులోని ప్రాణుల్ని చూపించింది, అంత చిన్నదాన్ని మరవని దేవుడు ఈ చిన్న భూమిని ఎందుకు మరుస్తాడు అన్నది ఆయన జవాబు.

చర్చి మొత్తం ఈ ఊహను ఎప్పుడూ ఎదిరించిందనుకోవడం కూడా సరికాదు. లోకాలు అనేకమన్న జోర్డానో బ్రూనోను 1600లో రోములో కాల్చిన మాట నిజమే. ఆయన మీద త్రిత్వం, క్రీస్తు దైవత్వం గురించిన ఆరోపణలు కూడా ఉన్నాయి. ఇతర నక్షత్రాల్లో ప్రాణులుండవచ్చని 1440లో రాసిన నికొలాస్ ఆఫ్ కూసా ఆ తర్వాత కార్డినల్ అయ్యాడు. 2008లో వాటికన్ ఖగోళ వేధశాల డైరెక్టర్ హోసే గాబ్రియేల్ ఫూనెస్, భూమి మీది ప్రాణుల్ని సోదరులనగలిగినప్పుడు గ్రహాంతరవాసిని ఎందుకు అనకూడదన్నారు. వాళ్లు పాపంలో పడి ఉండకపోవచ్చని, సృష్టికర్తతో స్నేహంలోనే మిగిలి ఉండవచ్చని కూడా అన్నారు.

ఈ వాదాలన్నీ పుస్తకాల్లో జరిగినవి. రక్షణ ఎవరిదాకా వస్తుందన్న ప్రశ్న నేల మీద ఎదురైన చోటు గుండ్లకమ్మ ఒడ్డే. 1860ల్లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దగ్గరికి మాదిగలు వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు చెప్పారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు వంతులవారీగా ఇద్దరిద్దరు నీళ్లలో నిలబడి ఆ పని చేశారు.

నీళ్లలోకి దిగిన ఆ మనుషులు ఏ దూరపు గ్రహం నుంచో రాలేదు. ఊరి చివర నుంచి వచ్చారు. వాళ్లను గుడిలోకి, బావి దగ్గరికి రానివ్వని ఊళ్లు, పద్నాలుగు లోకాల కథలు మాత్రం విని ఆనందించాయి. మతం మారాక కూడా చాలా చోట్ల కులం వాళ్ల వెంటే వచ్చింది. ఇది ఒక్క మతానికి చెందిన మచ్చ కాదు. స్పెయిన్ వాళ్లు అమెరికా చేరాక అక్కడివాళ్లు అసలు మనుషులేనా అన్న వాదం లేచింది. వాళ్లు నిజమైన మనుషులేనని, వాళ్ల స్వేచ్ఛనూ ఆస్తినీ లాక్కోకూడదని 1537లో పోప్ మూడో పాల్ శాసనం రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా లాక్కోవడం ఆగలేదు.

తేలేదేమిటి?

భూమికి ఆవల ప్రాణముందని ఎప్పుడైనా తేలితే, అది బహుశా గ్రహం వాతావరణంలో ఒక వాయువు రూపంలోనో, రాతిలో సూక్ష్మజీవి ఆనవాలుగానో తేలుతుంది. దానికి ఆత్మ ఉందా, రక్షణ కావాలా అన్న ప్రశ్నలు ఆ రోజున పుట్టవు. దేవుడు లేడని దానివల్ల రుజువు కాదు, ఉన్నాడని కూడా కాదు. మా గ్రంథంలో ముందే ఉందని ఏ మతంవారైనా అంటే, ఆ గ్రంథం ఏ ఉద్దేశంతో ఆ లోకాల గురించి చెప్పిందో అడగాలి. ధర్మం గురించా, దుఃఖం గురించా, దేవుడి గొప్పతనం గురించా? ఏ గ్రహం మీద ఏముందో చెప్పడానికి మాత్రం కాదు.

మొదటి ప్రశ్నకు అన్ని మతాలూ దాదాపు ఒకే జవాబిచ్చాయి: ఉండవచ్చు, అభ్యంతరం లేదు. క్రౌంచద్వీపం సంకల్పం, వ్యోమగామి కిబ్లా చూస్తే ఆచారం కూడా సర్దుకోగలదని తెలుస్తోంది. రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ పూర్తి జవాబు ఇవ్వలేదు. అయితే అది గ్రహాంతరవాసులు వచ్చేదాకా ఆగాల్సిన ప్రశ్న కాదు. తనలా లేనివాణ్ని తనతో సమానంగా లెక్కపెట్టగలిగిన విశ్వాసం ఏ లోకంలో ఏ ప్రాణి దొరికినా చెక్కుచెదరదు. పక్క వీధివాణ్ని లెక్కలో చేర్చుకోలేని విశ్వాసానికి మాత్రం ఆకాశంలో ఎవరూ లేకపోయినా చిక్కు తప్పదు. భక్తుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. దానికి దూరదర్శినితో పని లేదు.