గులాబి మొక్కలను నాటుటకు ముందు కాపాడు విధము

కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆదిలాబాదు మున్నగు ఊళ్లలో వాకిట గులాబిని పెంచగోరువారు పెక్కుమంది గలరు. అయినను కొనితెచ్చిన మొక్కలలో కొన్ని నేలలో నాటుటకు ముందే యెండిపోవుచున్నవి. బీడీలు చుట్టియో, బొగ్గుగనిలో శ్రమించియో సంపాదించిన సొమ్ములోనుండి తల్లిదండ్రులు మొక్కకై యిచ్చిన రూపాయలు ఇట్లు వ్యర్థమగుట తగదు. కావున మొక్క యింటికి వచ్చినది మొదలు గుంతలో నిలుచువరకు దానిని కాపాడు విధమును ఇందు వివరింతుము.

మొదట మొక్క యేల వాడునో తెలిసికొనవలెను. వేళ్ల కొనలయందలి సన్నని నూగు నేలనుండి నీటిని పీల్చును. ఆకులు ఆ నీటిని ఆవిరిగా విడుచును. మొక్కను పెకలించినపుడు సన్నని వేళ్లు అనేకము తెగిపోవును. ఆకులు మాత్రము నీటిని విడుచుట మానవు. రాబడి తగ్గినను ఖర్చు తగ్గని సంసారమువలె ఆ మొక్క క్షీణించును. కావున వేళ్లకు తడి, ఆకులకు నీడ, ఈ రెండును ముఖ్యములు.

మనకు దొరకు మొక్కలు రెండు విధములు. తూర్పు గోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక మొదలగు చోట్ల తోటలనుండి లారీలలో వచ్చు మొక్కలు సాధారణముగ మట్టితో కూడియుండును. ఆ మట్టిగడ్డను చిదుపరాదు. మొక్కలను వేపచెట్టు నీడన, వడగాలి తగులని గోడప్రక్కన దగ్గరదగ్గరగా నిలిపి, సందులలో తడిమట్టినిగాని ఎండుటాకులనుగాని నింపవలెను. మట్టి ఆరకుండ నీరు పోయవలెను గాని నీరు నిలువరాదు. నిలిచిన నీటిలో వేళ్లకు గాలి యాడక కుళ్లును. ప్లాస్టిక్కు సంచి యైనచో అడుగున రంధ్రము లున్నవో లేవో చూడవలెను.

రెండవ విధము మట్టిలేని వట్టివేళ్ల మొక్కలు. వీనిని నిమిషమైనను ఎండలో నుంచరాదు. కట్టు విప్పి, విరిగిన వేళ్లను కత్తిరించి, కొన్ని గంటలు వేళ్లను నీట నానబెట్టవలెను. ఒక దినమునకు మించి నానబెట్టుట కీడు. ఆ దినమే నాటుటకు వీలులేనిచో నీడలో ఒక అడుగు లోతు కాలువ త్రవ్వి, మొక్కలను ఏటవాలుగా పరుండబెట్టి, వేళ్లను మట్టితో కప్పి, అదిమి నీరు పోయవలెను. శీతలదేశములలో మొక్క ఆకులు రాల్చి నిద్రించును గనుక ఇట్లు అనేక వారములు నిలువయుంచుదురు. మనయొద్ద శీతకాలమున ఆదిలాబాదులో ఉష్ణము 10 డిగ్రీలకు దిగువకు పడుచున్నను, మొక్క అట్టి నిద్రపోదు. కావున కొలది దినములలోనే నాటివేయవలెను.

ఇందువలన గుంత ముందు, మొక్క తరువాత అను క్రమము మేలు. 1½ అడుగుల లోతు, అంతే వెడల్పుగల గుంతను ముందుగ త్రవ్వి ఎండనిచ్చి, మాగిన పశువుల ఎరువును, చెదలకు విరుగుడుగ కొంత వేపపిండిని మట్టిలో కలిపి నింపవలెను. నల్లరేగడి నేలలో నీరు నిలుచును గనుక ఇసుకయు ఎరువును అధికముగ కలుపవలెను. చల్క నేల త్వరగా ఆరును గనుక తరచు తడుపవలెను. వానలు వెనుకబట్టిన అక్టోబరు నెలనుండి జనవరివరకు నాటుట మంచిది. ఎండ 40 డిగ్రీలు దాటు వేసవిలో మొక్కలు కొనకుండుటయే లాభము. సాయంకాలమున, అంటు కట్టిన ముడి మట్టిలో పూడిపోకుండ నాటి, వెంటనే నీరు పోయవలెను.

వేరు లేనందున మొలక యెండిపోయిన సంగతిని విత్తువాని ఉపమానములో మన బాలబాలికలు చదివియే యున్నారు. పువ్వును జూచి సంతోషించువారు పలువురు. కంటికి కనబడని వేరును గూర్చి ముందుగ చింతించువాడే నిజమైన తోటమాలి. మొక్క కొనుటకు పోవు విద్యార్థి ముందురోజే పార చేతబట్టునుగాక.